పగలంతా పిల్లాడితో ఇంట్లో ఉండే నాన్నలు ఎవరైనా ఉన్నారా? (విజయవాడ, గుంటూరు)

పటమట నాన్న
అందరికీ నమస్తే. మాది విజయవాడ పటమట. మా వాడికి ఇరవై నెలలు. మా ఆవిడకి గవర్నర్‌పేటలో బ్యాంకు ఉద్యోగం, పొద్దున వెళ్తే మళ్లీ చీకటి పడ్డాకే ఇంటికి రావడం. నేను ఇంట్లోంచే అకౌంట్స్ పని చేసేవాడిని, వాడికి నడక వచ్చాక అది ఆపేశాను. ఇద్దరం కూర్చుని లెక్కలు వేసుకుని అనుకున్నదే, ఎవరి బలవంతమూ లేదు. పిల్లల గురించి ఏం వెతికినా "తల్లులకు చిట్కాలు" అనే వస్తున్నాయి. రోజంతా నాన్నే చూసుకునే ఇళ్లు మన రెండు ఊళ్లలో నాకు తెలిసే కొన్ని ఉన్నాయి, కానీ ఎవరూ రాయరు. అందుకే అడుగుతున్నా, మీ రోజు ఎలా గడుస్తోంది? ఈ ఎండల్లో ఏం చేస్తున్నారు? అన్నం ఎలా తినిపిస్తున్నారు?

నా సంగతి చెప్తా. వాడు ఐదున్నరకల్లా లేచిపోతాడు, లేవగానే బాల్కనీ గ్రిల్ పట్టుకుని కాకి కోసం చూస్తాడు. ఎనిమిదింటిలోపే కింద ఒక చుట్టు తిప్పుకొస్తాను, ఆ తర్వాత బయట కాలు పెట్టే పరిస్థితి లేదు. పదిన్నరకి అన్నం. బియ్యం, పెసరపప్పు, కాస్త క్యారెట్ వేసి మామూలు కంటే రెండు విజిల్స్ ఎక్కువ రానిచ్చి, చిదిమి నెయ్యి వేస్తాను. నేను కలిపి ముద్ద పెడితే తినడు. గిన్నెలో చెయ్యి పెట్టి తనే తీసుకోవాలి. ముందు నాలుగు మెతుకులు తీసి నా నోట్లో పెడతాడు, నేను నములుతున్నానా లేదా అని నా దవడ వంకే చూస్తాడు, నేను మింగిన తర్వాతే తన నోట్లో పెట్టుకుంటాడు. గంట పడుతుంది. చాప మీద పాత చీర పరుస్తాను కాబట్టి పడినదంతా చీరతో సహా దులిపేయొచ్చు.

పనికి అలవాటు పడ్డాను. అలవాటు కానిది ఒక్కటే, లిఫ్టులో కనపడిన ప్రతివాళ్లూ "అయ్యో, వాళ్ల అమ్మ లేదా బాబూ?" అనడం.

బ్రాడీపేట నైట్‌షిఫ్ట్
అన్నా, మాది గుంటూరు. నాకు రాత్రి ఉద్యోగం, ఇంట్లో కంప్యూటర్ ముందే. మా ఆవిడ స్కూల్లో టీచర్. పాపకి రెండు దాటాయి. తను ఎనిమిదికి బండి తీసిందంటే మళ్లీ నాలుగున్నర దాకా పాప నా చేతిలోనే. నిద్ర ఎప్పుడు పోతావు అని అందరూ అడుగుతారు. పాపతోపాటే. ఒంటిగంటకి పెరుగన్నం పెట్టి, కర్టెన్లు వేసి, కూలర్ పెట్టి పక్కన పడుకుంటా. ఒకటి రెండేళ్ల పిల్లలకి రాత్రి, పగలు కలిపి పదకొండు నుంచి పద్నాలుగు గంటల నిద్ర కావాలంటారు కదా, పగటి నిద్ర చెడిందంటే సాయంత్రం ఇల్లు పీకి పందిరి వేస్తుంది. ఆ టైములో కాలింగ్ బెల్ కొట్టే కొరియర్ వాళ్లకి దణ్ణం పెట్టి, గుమ్మం మీద "పాప పడుకుంది, ఫోన్ చేయండి" అని కాగితం అంటించా. అది బాగా పనిచేస్తోంది.

మాకు ఇంకో బాధ ఉంది, అది మీ బెజవాడ వాళ్లకి తెలియదు. మా అత్తగారి ఇల్లు మిర్చి యార్డుకి దగ్గర. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు దిగే రోజుల్లో గాలిలోనే ఘాటు. పెద్దవాళ్లు అలవాటు పడిపోయారు, పాప మాత్రం తుమ్ములు ఆపదు, కళ్లు నలుపుకుంటుంది. ఆ నెలల్లో అక్కడికి తీసుకెళ్లడం మానేశాం, వాళ్లే ఇక్కడికి వస్తున్నారు.

కృష్ణలంక అమ్మమ్మ
బాబూ, నువ్వు రాసింది మా మనవరాలు చదివి వినిపించింది, నేను చెప్తుంటే తనే టైపు చేస్తోంది. మా రోజుల్లో మా ఆయన పిల్లల్ని ఎత్తుకోవాలని ఉన్నా మా అత్తగారి ముందు ఎత్తుకునేవారు కాదు. వీధి అరుగు మీదకి వెళ్లాక, ఎవరూ లేనప్పుడు గుండెలకి హత్తుకునేవారు. నువ్వు నలుగురిలో చంకనేసుకుని తిరుగుతున్నావంటే నాకు చాలా సంతోషంగా ఉంది నాయనా. లిఫ్టులో మాటలు పట్టించుకోకు. వారానికి రెండుసార్లు నువ్వుల నూనె రాసి నలుగు పెట్టి స్నానం చేయించు, మగవాళ్ల చేతులు గట్టిగా ఉంటాయి, మెల్లగా రాయాలి. తల ఆరాక కాస్త సాంబ్రాణి వెయ్యి. దిష్టి తీయడం మర్చిపోకు. జలుబు చేస్తే కొబ్బరి నూనెలో కర్పూరం వేసి కాచి ఛాతీకి రాయి.

ఏఎన్‌ఎం సిస్టర్
అమ్మమ్మ గారూ, నూనె, నలుగు, దిష్టి అన్నీ మీ ఇష్టం, పిల్లాడికి మీరు పెట్టే ముద్దులతోనే సగం ఆరోగ్యం. కర్పూరం ఒక్కటి మాత్రం వద్దండి. చంటిపిల్లలకి కర్పూరం ఒంటి ద్వారా, పీల్చడం ద్వారా లోపలికి వెళ్లి ఫిట్స్ రావచ్చు, పొరపాటున చిన్న ముక్క మింగినా ప్రమాదమే. పూజ గదిలో డబ్బా కూడా వాళ్ల చేతికి అందకూడదు. సాంబ్రాణి పొగ కూడా మూసిన గదిలో పిల్లాడి మీద పట్టకండి, జలుబు ఉన్నప్పుడు అసలు వద్దు.

పటమట నాన్న గారూ, ఇరవై నెలలన్నారు కాబట్టి టీకా కార్డు ఒకసారి చూసుకోండి. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసేది) మొదటి బూస్టరు, ఎంఆర్ (తట్టు, రుబెల్లా రాకుండా వేసేది) రెండో డోసు, పోలియో చుక్కల బూస్టరు పడాలి. విటమిన్ ఎ ప్రతి ఆరు నెలలకీ, ఐదేళ్ల దాకా. ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున మా దగ్గరే ఉచితంగా ఇస్తాం. తల్లే తీసుకురావాలని ఎక్కడా లేదు, తండ్రి కార్డు తీసుకుని వస్తే చాలు. మా సెంటర్‌కి పిల్లల్ని ఎత్తుకుని వచ్చే నాన్నలు ఇప్పుడు చాలామంది కనిపిస్తున్నారు, సూది వేసేటప్పుడు తల్లులే తల తిప్పేసుకుంటారు, వీళ్లు గట్టిగా పట్టుకుంటారు.

సత్యనారాయణపురం కుర్రాడు
అన్నం గంట పడుతుందా అన్నా? మా వాడికి ఫోన్‌లో పాటలు పెడితే పది నిమిషాల్లో గిన్నె ఖాళీ. మీరంతా గొప్పగా రాస్తారు గానీ ఇంట్లో పని చేసుకుంటూ పిల్లాడిని చూసేవాడికి ఆ పది నిమిషాలు చాలా విలువైనవి. తప్పేముంది?

బ్రాడీపేట నైట్‌షిఫ్ట్
తమ్ముడూ, గిన్నె ఖాళీ అవుతుంది నిజమే, కానీ కడుపు నిండిందో లేదో పిల్లాడికే తెలియట్లేదు కదా. నోరు తెరుస్తాడు, మనం తోస్తాం, కళ్లు ఫోన్ మీదే. మా అక్క కొడుకు నాలుగేళ్లు వచ్చినా ఫోన్ లేకుండా నోరు తెరవడు. ఆ ఇంట్లో భోజనం టైమంటే అందరికీ టెన్షన్.

ఏఎన్‌ఎం సిస్టర్
ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది ఇదే. ఏడాది వయసు పిల్లలకి కూర్చోబెట్టి స్క్రీన్ చూపించడం వద్దు, రెండేళ్లు నిండాక నాలుగేళ్ల దాకా రోజుకి గంట దాటకూడదు, తగ్గితే ఇంకా మంచిది. మన పిల్లల డాక్టర్ల సంఘం కూడా రెండేళ్లలోపు అసలు వద్దంటోంది. ఊళ్లో ఉన్న తాతయ్య, నాయనమ్మలతో వీడియో కాల్ మాట్లాడించడం వేరు, దానికి కంగారు పడక్కర్లేదు.

తమ్ముడూ, పిల్లాడు అన్నం తినట్లేదంటే ముందు పాలు ఎన్ని తాగుతున్నాడో చూడు. ఏడాది దాటాక రోజుకి అర లీటరు మించి అక్కర్లేదు. మా దగ్గరికి లీటరు పాలు తాగి, ముద్ద ముట్టని పిల్లలు వస్తారు. బొద్దుగానే ఉంటారు, రక్తం మాత్రం తక్కువ, ఎందుకంటే పాలల్లో ఐరన్ దాదాపు ఉండదు, పైగా ఆకలి చచ్చిపోతుంది. పాలసీసా తగ్గిస్తే ఫోన్ అవసరం దానంతటదే తగ్గుతుంది.

సత్యనారాయణపురం కుర్రాడు
సీసాలు లెక్కపెడితే ముప్పావు లీటరు పైనే తాగుతున్నాడు సిస్టర్. రాత్రి సీసా తీసేసి చూస్తా. థాంక్స్ అండి.

సింగ్‌నగర్ బాబాయ్
నేను పాతకాలం మనిషినే, ఉన్నమాట అడుగుతా, ఏమీ అనుకోకండి. బాబూ పటమట, పిల్లాడిని చూసుకోవడం మంచి పనే. రేపు వాడు బడికి వెళ్లాక నీకు మళ్లీ ఉద్యోగం ఎవరిస్తారు? నాలుగేళ్లు ఖాళీగా ఉన్నావంటారు. ఆయాని పెట్టుకోవచ్చుగా? అత్తగారినో అమ్మగారినో పిలిపించుకోవచ్చుగా? మగవాడి చేతిలో సంపాదన లేకపోతే చుట్టాల్లో మాట తేలికవుతుంది, అది నేను కళ్లారా చూశాను.

పటమట నాన్న
బాబాయ్ గారూ, మీరు మంచికే అడిగారు, చెప్తాను. మా అమ్మకి మోకాళ్లు. గదిలోంచి గదిలోకి పరిగెత్తే పిల్లాడి వెనక ఆవిడ తిరగలేదు, తిప్పడం నాకు ఇష్టమూ లేదు. అత్తగారు మామయ్య గారిని వదిలి రాలేరు. మా వీధిలో పగలంతా ఉండే ఆయాకి పన్నెండు వేలు అడిగారు, నాకు అకౌంట్స్ మీద వచ్చేది దానికి కొంచెం పైన. ఆ కొంచెం కోసం పిల్లాడిని ముక్కూమొహం తెలియని మనిషికి అప్పజెప్పడానికి మనసు రాలేదు. మా ఆవిడది ప్రమోషన్ దగ్గరపడిన ఉద్యోగం, నా పని నెలల తరబడి ఆపి మళ్లీ మొదలుపెట్టగలిగేది. ఇద్దరిలో ఎవరో ఒకరు ఆగాలి, ఆగినా నష్టం తక్కువున్న మనిషి ఆగాడు. ఆగింది నేను కాకుండా తనైతే, తనని ఖాళీగా ఉన్నావని మీరు గానీ ఇంకెవరు గానీ అనేవారా? పిల్లాడితో ఉందంటారు. నేనూ పిల్లాడితోనే ఉన్నాను.

మాట తేలికవడం గురించి అన్నారు. మొన్న పెళ్లిలో ఒకాయన "ఏం చేస్తున్నావు ఇప్పుడు" అన్నారు. "మా వాడిని చూసుకుంటున్నానండి" అన్నాను. "అది సరే, పని ఏంటి" అన్నారు. "అదేనండి" అన్నాను. నేను తల దించుకోకుండా చెప్తే అవతలివాళ్లు తర్వాతి మాటకి వెళ్లిపోతున్నారు.

గుణదల అమ్మ
నేను ఇదే విషయం అవతలి వైపు నుంచి చెప్తాను. మా ఇంట్లో ఉద్యోగానికి వెళ్లేది నేను, పాపతో ఉండేది మా వారు. జ్వరం వచ్చి ఆసుపత్రికి వెళ్తే డాక్టరు గారు నావైపే తిరిగి అడుగుతారు, "మోషన్ ఎన్నిసార్లు అయింది? రాత్రి ఎంత తాగింది?" అని. నేను మా వారి వైపు చూస్తాను. ఆయన చొక్కా జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి, ఏ టైముకి జ్వరం ఎంత ఉంది, మందు ఎప్పుడు వేశారు, ఉచ్చ ఎప్పుడు పోసింది అన్నీ చదువుతారు. డాక్టరు గారు వింటారు, రాసుకుంటారు, మందు ఎలా వాడాలో మళ్లీ నాకే చెప్తారు! పాప కదిలితే నిద్రలో కూడా తెలిసే మనిషి ఆయన. నాకు ఒళ్లు మండిపోయేది. ఇప్పుడు లోపలికి వెళ్లగానే నేనే చెప్పేస్తున్నా, "పాప సంగతి వాళ్ల నాన్నకే తెలుసండి, ఆయనతో మాట్లాడండి" అని.

చట్టం కూడా అలాగే ఉంది కదండి. 2017లో మార్చాక ఆడవాళ్లకి ప్రసూతి సెలవు 26 వారాలైంది, మంచిదే. కేంద్ర ప్రభుత్వంలో మగవాళ్లకి ఇచ్చేది 15 రోజులు. ప్రైవేటులో మగవాళ్లకి ఇవ్వాలని చట్టమే లేదు, కంపెనీ దయ. యాభై మంది, ఆపైన పనిచేసే చోట పిల్లల్ని ఉంచే క్రెష్ ఉండాలని అదే 2017 సవరణలో పెట్టారు. మా ఆఫీసులో అడిగితే ఆ గదిలో ఇప్పుడు పాత ఫైళ్లు ఉన్నాయి. నేను వదల్లేదు, ఇంకా అడుగుతూనే ఉన్నా.

ఆటోనగర్ మెకానిక్
నాది ఆటోనగర్లో షెడ్డు. మా ఆవిడ నర్సు, తనకి పగలు డ్యూటీ పడిన వారాల్లో షెడ్డు మా తమ్ముడు చూసుకుంటాడు, నేను పిల్లాడితో ఇంట్లో. తిండి, నిద్ర గురించి అందరూ రాశారు. నేను పనివాడిని కాబట్టి ప్రమాదాల సంగతి రాస్తా.

మన ఊళ్లో నీళ్లు వచ్చినప్పుడు పట్టుకుని బకెట్లు, డ్రమ్ములు నింపి పెట్టుకుంటాం. నడక వచ్చిన పిల్లాడికి బకెట్ అంటే ప్రాణం. తొంగి చూస్తాడు, తల బరువు, కాళ్లు పైకి లేస్తాయి, జానెడు నీళ్లున్నా చాలు, అరుపు కూడా వినపడదు. బకెట్ వాడగానే బోర్లించాలి. డ్రమ్ముకి బిగుతుగా పట్టే మూత ఉండాలి, మూత మీద పీట కాదు. బాత్రూం తలుపుకి బయటి వైపు, పిల్లాడికి అందని ఎత్తులో గడియ పెట్టించాను, లోపలి గడియ తీసేశాను. రెండోది రిమోట్లలో, బొమ్మల్లో ఉండే గుండ్రటి బిళ్ల బ్యాటరీ. మింగితే గంటల్లో గొంతు కాలిపోతుంది, వాంతి చేయించకుండా నేరుగా పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. ఇంట్లో అలాంటివన్నిటికీ స్క్రూ ఉన్న మూతేనా కాదా అని చూసుకోండి, కాకపోతే టేపు చుట్టండి. మూడోది పల్లీలు, శనగలు. పెద్దవాళ్లు ప్రేమగా నోట్లో వేస్తారు. అడ్డం పడితే ఊపిరి ఆడదు. పొడి కొట్టి పెట్టండి, గింజ వద్దు.

సింగ్‌నగర్ బాబాయ్
మెకానిక్ బాబు చెప్పిన నీళ్ల మాటకి ఒకటి కలుపుతా. 2024 సెప్టెంబరులో బుడమేరు మా మీద పడ్డప్పుడు మా కోడలు, మూడు నెలల మనవరాలు, మేమంతా మేడ మీద. కరెంటు లేదు, పాలు లేవు. మా అబ్బాయి నడుం లోతు నీళ్లలో వెళ్లి పడవ వాళ్ల దగ్గర పాలపొడి, నీళ్ల సీసాలు తెచ్చాడు. అప్పటి నుంచి వర్షాకాలం వస్తే వాడు ఒక సంచి సర్ది అటక మీద పెడతాడు. డైపర్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, జ్వరం మందు, బిస్కెట్లు, టార్చి, టీకా కార్డు ప్లాస్టిక్ కవర్లో. చంటిపిల్లలున్న ఇంట్లో ఇది తప్పనిసరి. ఇది రాస్తుంటే గుర్తొస్తోంది, ఆ సంచి సర్దేది మా కోడలు కాదు, మా అబ్బాయే. పటమట బాబూ, నీ మాట అర్థమైంది.

ఏఎన్‌ఎం సిస్టర్
ఓఆర్‌ఎస్ గురించి ఒక్క మాట. పెద్ద పొట్లం లీటరు నీళ్లకి, మొత్తం ఒకేసారి కలపాలి. కొంచెం కొంచెంగా గ్లాసులో వేయకూడదు. కలిపింది ఒక్క రోజే. టెట్రా డబ్బాల్లో అమ్మే తియ్యటి పళ్లరసాలు ఓఆర్‌ఎస్ కాదు, విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. జ్వరంతో ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా గానీ నీళ్లు గానీ పెట్టొద్దు, చేతిలో ఇనుము పెట్టి టైము పోగొట్టొద్దు, 108కి ఫోన్ చేయండి.

లక్ష్మీపురం కొత్త నాన్న
మాదీ గుంటూరే. బయటికి తీసుకెళ్తే నాకొచ్చే సమస్య ఎవరూ రాయలేదు. షాపింగ్ మాల్‌కి వెళ్లాం, పాప డైపర్ మార్చాలి. మార్చే బల్ల ఆడవాళ్ల టాయిలెట్‌లోనే ఉందట. మగవాళ్ల వైపు తడి నేల, వాష్‌బేసిన్ పక్కన జానెడు గట్టు. చివరికి పార్కింగ్‌లో కారు వెనక సీట్లో మార్చాను, మే నెల మధ్యాహ్నం. కారు లేనివాళ్లు ఏం చేస్తారు?

బ్రాడీపేట నైట్‌షిఫ్ట్
ఆ మేనేజర్‌కి రాతపూర్వకంగా ఇచ్చి రండి. నేను ఇక్కడ ఒక షాపులో ఇచ్చాను, ట్రయల్ రూముల పక్కన ఒక బల్ల వేయించారు, ఆడ మగ ఎవరైనా వాడుకోవచ్చు. అడిగేదాకా వాళ్లకి తట్టదు. అది పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

గుణదల అమ్మ
ఎండల సంగతి ఎవరూ చెప్పలేదు. రోహిణి కార్తె అయ్యేదాకా మా వారు పొద్దున ఆరింటికి పాపని రాజీవ్ గాంధీ పార్కు వైపో, కాలవ గట్టు మీదకో తీసుకెళ్తారు. పదకొండింటికి వెడల్పాటి టబ్బులో రెండంగుళాల నీళ్లు పోసి, గ్లాసులు, గరిటలు ఇచ్చి, ఆయన అక్కడే పీట వేసుకుని కూర్చుంటారు, ఫోన్ బయటే. అయిపోగానే నీళ్లు మొక్కలకి. పాప ఒక స్టీలు గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఒలకకుండా పోయడానికి నాలుక బయటపెట్టి తంటాలు పడుతుంది. ఒలికితే గ్లాసు తిరగేసి అడుగు చూస్తుంది, చిల్లు ఉందేమో అన్నట్టు. సాయంత్రం ఆరు దాటాక మళ్లీ బయటికి. మధ్యలో మజ్జిగ, కొబ్బరినీళ్లు, తాటిముంజలు చెక్కు తీసి చిన్న ముక్కలుగా.

లక్ష్మీపురం కొత్త నాన్న
అసలు సంగతి ఇప్పుడు అడుగుతా. వచ్చే సోమవారం మా ఆవిడ మళ్లీ ఉద్యోగంలో చేరుతోంది. పాపకి పద్నాలుగు నెలలు. ఇన్నాళ్లూ నేను సాయంత్రాలే చూశాను. మొదటి రోజు ఎలా మొదలుపెట్టాలి? తను కనపడకపోతే ఏడుస్తుందని, పాప చూడకుండా వెనక గుమ్మంలోంచి వెళ్లిపోతానంటోంది.

పటమట నాన్న
అలా మాత్రం వద్దు తమ్ముడూ. చెప్పకుండా మాయమైతే ప్రతి నిమిషం అమ్మ ఉందా లేదా అని వెతుక్కుంటూ నీ చంక దిగదు. ముందు గుమ్మంలోనే, పాప కళ్ల ముందే టాటా చెప్పి వెళ్లమను. ఏడుస్తుంది, ఏడవనీ. ఆ తర్వాత నువ్వు చేసే మొదటి పని ప్రతిరోజూ ఒకటే ఉండాలి. మేమైతే బాల్కనీలోకి వెళ్లి కాకికి ఇడ్లీ ముక్క వేస్తాం. అమ్మ వెళ్లాక కాకి వస్తుంది అని కొద్ది రోజుల్లోనే వాడికి తెలిసిపోయింది, చెప్పులు వేసుకునే చప్పుడు వినగానే వాడే బాల్కనీ వైపు నడుస్తాడు.

ఈ వారం మిగిలిన రోజుల్లో మీ ఆవిడ ఇంట్లో ఉండగానే మధ్యాహ్నం అన్నం, నిద్ర నువ్వు అందుకో. తను పక్క గదిలో ఉండాలి, పాప ఏడ్చినా పరిగెత్తుకు రాకూడదు. నువ్వు నిద్రపుచ్చే పద్ధతి నీదే ఉండనీ, తనలాగే ఊపాలని లేదు. మా ఆవిడ జోల పాడుతుంది, నేను వీపు మీద తడుతూ బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ అని వరసగా చెప్తాను, మా వాడు రెండిటికీ పడుకుంటాడు. సోమవారం వంట పెట్టుకోకు, ముందు రోజే కూర చేసి ఫ్రిజ్‌లో పెట్టుకో, పాపకి మాత్రం అప్పటికప్పుడు కుక్కర్. మధ్యాహ్నం పాప పడుకున్నాక ఇక్కడ రాయి, ఒంటిగంట నుంచి మూడింటి దాకా నేను ఫోన్ చూస్తూనే ఉంటా.